కజ్జికాయ చెవుల పిల్లి

పిల్లలూ, చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ చెవి పైభాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిందికి మడిచి వదిలేయండి. ఏమైంది? టక్కున మళ్ళీ లేచి నిలబడింది కదా! ఎన్నిసార్లు మడిచినా అంతే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పాఠం మధ్యలో మళ్ళీ మీ చెవి దగ్గరికే వద్దాం.

ఇప్పుడు మీకు ఒక పిల్లి గురించి చెప్తాను. దాని పేరు కజ్జికాయ. ముద్దుగా కజ్జి అంటాం. అది మాది కాదు, మా పై ఫ్లాట్‌లో ఉండే పాపది. ఆ పాపకి తొమ్మిదేళ్ళు. "ఆంటీ, నా పేరు రాయొద్దు, పిల్లి పేరు రాయండి" అంది. అందుకని తన పేరు రాయడం లేదు.

నా సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. నేను విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గర పెరిగాను. బీఈడీ చేసి, అక్కడే ఒక బళ్ళో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. మీ అంకుల్‌కి ఉద్యోగం వస్తే కిందటేడు సెప్టెంబరులో డండీకి వచ్చాం. డండీ స్కాట్లాండ్‌లో టే నది ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడ నాకు బడి లేదు. పగలంతా ఇంట్లోనే ఉంటాను. ఆదివారాలు మాత్రం నలుగురైదుగురు పిల్లలకి తెలుగు చెప్తాను. ఆ పాప కూడా నా దగ్గరే అక్షరాలు నేర్చుకుంటోంది. అందుకే నన్ను 'టీచర్ ఆంటీ' అని పిలుస్తుంది.

మా ఊళ్ళో చాలామంది పిల్లిని కొనరు, పిలవరు. పిల్లే వచ్చి మన ఇంట్లో ఉంటుంది. మా అమ్మమ్మగారింట్లో అలాగే ఒక చారల పిల్లి ఉండేది. పొడుగు కాళ్ళు, నిక్కబొడుచుకున్న చెవులు. వంటింట్లో దూలానికి ఉట్టి వేలాడేది. ఉట్టి అంటే తాళ్ళతో అల్లిన వల లాంటిది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పాలు, పెరుగు, వెన్న కుండల్లో పెట్టి ఆ ఉట్టి మీద ఉంచేవారు. ఎందుకో తెలుసా? పిల్లికి అందకూడదని! అయినా మా చారల పిల్లి గోడ మీంచి గాదె మీదికి, గాదె మీంచి ఉట్టి మీదికి ఒక్క గెంతు గెంతేది. అందనప్పుడు కింద కూర్చుని అరిచేది. అమ్మమ్మ నవ్వి, "పిల్లి శాపాలకి ఉట్టి తెగుతుందటే!" అనేది. ఎవరో కోపంతో తిట్టినంత మాత్రాన మనకేం కాదు అని చెప్పడానికి ఇప్పటికీ ఈ సామెత వాడతారు.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, నవ్వకండి. మేం బయటికి బయల్దేరినప్పుడు పిల్లి ఎదురొస్తే అమ్మమ్మ మమ్మల్ని వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి పంపేది. అపశకునం అని నమ్మకం. అదే పిల్లికి రాత్రి అన్నంలో ఇంత చేప ముక్క కలిపి పెట్టేది కూడా ఆవిడే! ఆ పిల్లి కాళ్ళకి రాసుకుంటూ తిరిగితే ఏమీ అనేది కాదు.

పొడుగు కాళ్ళ పిల్లిని చూసిన కళ్ళతో మొదటిసారి కజ్జిని చూసినప్పుడు నాకు ఏమనిపించిందో ఊహించండి. "ఇది పిల్లేనా?" అనుకున్నాను.

బూడిద రంగు ఒళ్ళు. గుండ్రటి మొహం. గుండ్రటి పెద్ద కళ్ళు. ఒళ్ళు మామూలు పిల్లి అంత పొడుగే, కాళ్ళు మాత్రం సగమే. నడిస్తే పొట్ట నేలకి రెండంగుళాల ఎత్తులో ఉంటుంది. చెవులు ముందుకి మడుచుకుపోయి తలకి అతుక్కుని ఉంటాయి. పాప వాళ్ళ అమ్మమ్మ వీడియో కాల్‌లో దాన్ని చూసి, "చెవులు అచ్చం కజ్జికాయల్లా మడిచారే!" అందట. అంతే, ఆ పేరు ఖాయమైపోయింది. కజ్జికాయ మీకు తెలుసు కదా? లోపల కొబ్బరి, బెల్లం పెట్టి, అర్ధచంద్రంలా మడిచి, నూనెలో వేయించే పిండివంట.

కజ్జి లాంటి పిల్లిని 'స్కాటిష్ కిల్ట్' అంటారు. కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ బట్ట. మన గళ్ళ లుంగీకి దూరపు చుట్టం అనుకోండి. ఇది రెండు జాతుల్ని కలిపి పుట్టించిన పిల్లి. చెవులు ఒక జాతి నుంచి, కాళ్ళు ఇంకో జాతి నుంచి వచ్చాయి.

ముందు చెవుల కథ. 1961లో, మా డండీకి దగ్గర్లోనే కూపర్ ఆంగస్ అనే చిన్న ఊరి పక్కన ఒక పొలంలో, విలియం రాస్ అనే గొర్రెల కాపరికి ఒక తెల్ల పిల్లి కనిపించింది. దాని పేరు సూసీ. దాని చెవులు ముందుకి మడిచి ఉన్నాయి. దానికి పుట్టిన పిల్లల్లో కొన్నిటికి కూడా అలాంటి చెవులే వచ్చాయి. వాటితో మొదలైన జాతే 'స్కాటిష్ ఫోల్డ్'. ఒక వింత చెప్పనా? ఈ పిల్లికూనలు పుట్టినప్పుడు చెవులు మామూలుగానే ఉంటాయి. మూడు, నాలుగు వారాల వయసులో మెల్లగా మడుచుకుంటాయి.

ఇక కాళ్ళ కథ. 1983లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో సాండ్రా హోకెనెడెల్ అనే ఆవిడకి పొట్టి కాళ్ళ పిల్లి ఒకటి దొరికింది. అప్పటికే అది కడుపుతో ఉంది. ఆవిడ దానికి బ్లాక్‌బెర్రీ అని పేరు పెట్టింది. దాని సంతానం నుంచి వచ్చిన జాతి 'మంచ్‌కిన్'. 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్' కథలో వచ్చే పొట్టి మనుషుల పేరు అది.

మంచ్‌కిన్‌నీ, ఫోల్డ్‌నీ కలిపితే పిల్లలన్నీ కజ్జిలా ఉంటాయా? ఉండవు. ఇక్కడ లెక్క ఉంది. ఒక రూపాయి బిళ్ళో, పౌండ్ బిళ్ళో తీసుకోండి. రెండుసార్లు ఎగరేయండి. మొదటిసారి కాళ్ళ కోసం: బొమ్మ పడితే పొట్టి కాళ్ళు, బొరుసు పడితే మామూలు కాళ్ళు. రెండోసారి చెవుల కోసం: బొమ్మ పడితే మడత చెవులు, బొరుసు పడితే నిలబడ్డ చెవులు. రెండుసార్లూ బొమ్మ పడాలంటే నాలుగింట్లో ఒక వంతు అవకాశం. అంటే నాలుగు కూనలు పుడితే, ఇంచుమించు ఒకటే కజ్జిలా ఉంటుంది. అందుకే వీటికి ధర ఎక్కువ చెప్తారు.

కజ్జి ధర ఎంతో నేను అడగలేదు. పాప ఫోన్‌లో వీడియోలు చూసి, ఆర్నెల్లు బతిమాలితే, వాళ్ళమ్మ ఎక్కడో ప్రకటన చూసి కొనిపెట్టింది. అమ్మినాయన చెవుల గురించి, రంగు గురించి బోలెడు చెప్పాడట. అసలు చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు.

జూన్ నెలాఖరున ఇక్కడ బళ్ళకి సెలవులిచ్చారు. పాప వాళ్ళు ఐదు వారాలకి హైదరాబాద్ బయల్దేరారు. పాప వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, కజ్జిని చూసుకుంటావా?" అని అడిగింది. "తప్పకుండా అక్కా" అనేశాను. అన్నానే గానీ నాకు పిల్లిని చూసుకోవడం ఏం తెలుసు? మా ఊళ్ళో పిల్లే మమ్మల్ని చూసుకునేది!

పాప నాకోసం ఒక కాగితం రాసి ఇచ్చింది. తెలుగులో! తప్పులున్నాయి కానీ అన్నీ అర్థమయ్యాయి. 'పాళు పొయ్యొద్దు. ఉళ్ళి పెట్టొద్దు. డబ్బా రోజు తియ్యాలి. రాత్రి మాట్లాడాలి.' అని ఉంది. మీరు కూడా ఆ కాగితంలో తప్పులు దిద్దండి చూద్దాం. ఆ నాలుగు మాటల వెనక ఎంత సంగతి ఉందో నాకు తర్వాత తెలిసింది.

పాలు: పిల్లి అనగానే మనకి పాలే గుర్తొస్తాయి. 'పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు' అని సామెత కూడా ఉంది. కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు అవుతాయి. వాటికి కావలసింది మంచినీళ్ళు, మాంసంతో చేసిన పిల్లుల ఆహారం. పిల్లి మాంసాహారి. మన పెరుగన్నంతో దాన్ని పెంచలేం.

ఉల్లి: మన వంటింట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా కూర ఉండదు. పిల్లికి ఆ రెండూ విషమే. పచ్చివైనా, ఉడికించినవైనా, పొడి రూపంలో ఉన్నా సరే, రక్తంలోని ఎర్ర కణాల్ని పాడుచేస్తాయి. కోడికూరలో ముక్క తీసి కడిగి పెట్టినా పెట్టకూడదు. చాక్లెట్టూ అంతే. ఇంట్లో లిల్లీ పూల గుత్తి కూడా పెట్టకూడదు. ఒంటి మీద పడ్డ ఆ పుప్పొడి నాకినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి.

డబ్బా: అంటే పిల్లి దొడ్డికి కూర్చునే మట్టి తొట్టి. రోజూ శుభ్రం చేయాలి. కజ్జి కాళ్ళు పొట్టివి కాబట్టి తొట్టి అంచు ఒకవైపు బాగా తక్కువ ఎత్తులో ఉండాలి. లేకపోతే పాపం, ఎక్కలేక బయటే కానిచ్చేస్తుంది. అప్పుడు దాన్ని తిట్టడం అన్యాయం.

ఇవి కాక, వారానికి ఒకసారి చెవులు చూసేదాన్ని. మడత మెల్లగా ఎత్తి, లోపల గులిమి ఉందా, ఎర్రగా ఉందా, వాసన వస్తోందా అని చూడాలి. దూది పుల్లలు లోపలికి పెట్టకూడదు. రోజు విడిచి రోజు దువ్వేదాన్ని. తిండి కొలిచి పెట్టేదాన్ని, ఎందుకంటే పొట్టి కాళ్ళ మీద బరువు పెరిగితే ఆ కాళ్ళే మోయాలి కదా.

ఇక గుణం. కజ్జి నెమ్మదస్తురాలు. కొత్తవాళ్ళని చూసి పారిపోదు. కాళ్ళు పొట్టివైనా నేల మీద బంతి వెంట పరిగెడితే రైలు పెట్టెలా వంపు తిరుగుతుంది. ఒక్కోసారి సోఫాకి ఆనుకుని, వెనక కాళ్ళు ముందుకి చాపి, పొట్ట మీద చేతులు పెట్టుకున్నట్టు మనిషిలా కూర్చుంటుంది. నేను ఫొటో తీసి పాపకి పంపితే నవ్వుల బొమ్మలు పది వచ్చాయి.

రాత్రి మాట్లాడాలి అని రాసింది కదా, మాట్లాడాను. నిజం చెప్పాలంటే పగలు కూడా మాట్లాడాను. ఈ దేశం వచ్చాక పగటిపూట తెలుగులో గట్టిగా మాట్లాడటానికి నాకు దొరికిన మొదటి స్నేహితురాలు కజ్జే. 'పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది' అంటారు మా వైపు. నేనూ నెల్లిమర్ల నుంచి విజయనగరం, అక్కణ్ణుంచి హైదరాబాద్, ఇప్పుడు డండీ. "ఇది నా నాలుగో ఇల్లే" అని చెప్తే కజ్జి కళ్ళు చికిలించి విన్నది.

మూడో వారంలో ఒక మంగళవారం. మా హాల్లో కిటికీ కింద ఒక చిన్న స్టూలు ఉంది. కజ్జి రోజూ ఆ స్టూలెక్కి, అక్కణ్ణుంచి కిటికీ గట్టెక్కి, టే నదిని, పక్షుల్ని చూసేది. ఆ రోజు స్టూలు దగ్గరికి వచ్చి నిలబడింది. పైకి చూసింది. ఎగరబోయి ఆగింది. మళ్ళీ చూసింది. తర్వాత వెనక్కి తిరిగి సోఫా కిందికి వెళ్ళిపోయింది. పిలిస్తే రాలేదు. సాయంత్రం నడిచినప్పుడు వెనక కాళ్ళు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి. తోక మొదట్లో చెయ్యి వేస్తే, ఎప్పుడూ ఒక్క మాట అనని పిల్లి, బుస్సుమంది.

నొప్పి అని అర్థమైంది. మన ఇళ్ళల్లో నొప్పి అనగానే చెయ్యి దేనిమీదికి వెళ్తుంది? పారాసిటమాల్ మీదికి. నేనూ ఒక మాత్ర తీసి, నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క చెంచాలో నలిపాను. చిన్న ప్రాణం కదా, చిన్న ముక్క చాలు అనుకున్నాను. దాని తిండిలో కలిపాను కూడా.

పాప వాళ్ళమ్మ పశువుల డాక్టరు నంబరు ఇచ్చి వెళ్ళింది. ఫోన్ చేసి ఎంత మోతాదు వేయాలో అడగొచ్చు. కానీ నాకు ఫోన్ చేయాలంటే భయం. మీకు ఒక రహస్యం చెప్తున్నాను. వచ్చి పది నెలలైనా ఇక్కడివాళ్ళ ఇంగ్లీషు ఫోన్‌లో నాకు సరిగా అర్థమయ్యేది కాదు. మళ్ళీ చెప్పమని అడగాలంటే సిగ్గు. టీచరుగా పనిచేసినదాన్ని, నలభై మంది పిల్లల ముందు గట్టిగా మాట్లాడినదాన్ని, ఫోన్ మోగితే మీ అంకుల్‌కి ఇచ్చేసేదాన్ని. ఆ రోజు ఆయన ఊళ్ళో లేరు.

గిన్నె చేతిలో ఉంది. కజ్జి సోఫా కింద ఉంది. 'ఒక్క మాట అడిగితే పోతుందిలే' అని చివరికి ఫోన్ చేశాను. అవతల ఒకమ్మాయి. నేను సంగతి చెప్పగానే తను గబగబా ఏదో అంది. అర్థం కాలేదు. "మళ్ళీ చెప్పండి" అన్నాను. మళ్ళీ చెప్పింది. మూడోసారి ఒక్కో మాటా విడదీసి చెప్పింది: "వద్దు. ఒక్క ముక్క కూడా వద్దు. అది పిల్లిని చంపేస్తుంది."

గిన్నె చెత్తబుట్టలో పారేసి, చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. మన ఒంట్లో కాలేయం పారాసిటమాల్‌ని విరగ్గొట్టి బయటికి పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ పని సరిగా చేతకాదు. మందు విషమై రక్తాన్ని పాడుచేస్తుంది. మనుషుల మందు ఏదీ డాక్టరు చెప్పకుండా జంతువుకి వేయకూడదు. ఈ పాఠంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

మర్నాడు కజ్జిని బుట్టలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కాళ్ళు, తోక మెల్లగా వంచి చూసి, మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీసింది. నాకు చూపిస్తూ, కాగితం మీద బొమ్మ గీసి, నెమ్మదిగా చెప్పింది.

ఇప్పుడు మళ్ళీ మీ చెవి మడవండి. టక్కున లేచింది కదా. చెవి బయటి భాగంలో ఎముక లేదు. గట్టిగా, కానీ రబ్బరులా వంగే పదార్థం ఉంది. దాన్ని మృదులాస్థి అంటారు. మృదువు అంటే మెత్తన, అస్థి అంటే ఎముక. మెత్తటి ఎముక అన్నమాట. అది సరిగ్గా ఉంటే చెవి నిలబడుతుంది. కజ్జి లాంటి పిల్లుల్లో అది బలంగా తయారవదు. అందుకే చెవి తన బరువుకి తనే మడుచుకుపోతుంది.

అయితే మృదులాస్థి చెవుల్లోనే ఉంటుందా? మన మోకాలు, మడమ, వేళ్ళు, పిల్లి తోక, ఎక్కడెక్కడ ఎముకా ఎముకా కలుస్తాయో అక్కడల్లా దిండులా అదే ఉంటుంది. చెవిలో లోపం ఉంటే కీళ్ళలో కూడా ఉంటుంది. ఎముకలు ఒకదానికొకటి రాసుకుంటాయి, కొత్త ఎముక ముద్దలా పెరుగుతుంది, నొప్పి పుడుతుంది. మడత చెవుల పిల్లులన్నిటికీ ఎంతో కొంత ఈ జబ్బు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. కొన్నిటికి తక్కువ, కొన్నిటికి ఎక్కువ. కొన్నిటికి చిన్నప్పుడే, కొన్నిటికి పెద్దయ్యాక. దీనికి కారణమైన జన్యువుని శాస్త్రవేత్తలు 2016లో గుర్తించారు. పూర్తిగా నయం చేసే మందు లేదు. నొప్పి తగ్గించే మందులు, జాగ్రత్తలు ఉన్నాయి.

నేను ఫోన్‌లో ఉన్న ఆ ముద్దు ఫొటో చూపించాను, మనిషిలా కూర్చున్నది. డాక్టరమ్మ నవ్వలేదు. "కాళ్ళ మీద బరువు పడకుండా ఇలా కూర్చుంటుంది కావచ్చు" అంది. ఆ ఫొటోకి నేనూ నవ్వాను పిల్లలూ. ఇంటికొచ్చాక ఎంతసేపు చూశానో.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పిల్లులు చెవులతో మాట్లాడతాయి. చెవులు ముందుకి తిప్పితే 'ఏమిటది?' అని. వెనక్కి వాలిస్తే 'నా జోలికి రాకు' అని. కజ్జి చెవులు మడిచి ఉండటం వల్ల ఆ కదలికలు సరిగా కనిపించవు. అంటే తనకి మాటల్లో సగం లేవు. పైగా నొప్పి దాచుకోవడం పిల్లుల స్వభావం. అందుకని మనమే కనిపెట్టాలి. ఎగరడం మానేసిందా? ఒళ్ళు నాక్కోవడం తగ్గిందా? దాక్కుంటోందా? తోక గట్టిపడిందా? ముట్టుకుంటే కోపం వస్తోందా? వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

బ్రిటన్‌లో పిల్లుల జాతుల్ని నమోదు చేసే పెద్ద సంస్థ ఆరోగ్య సమస్యల గురించిన ఆందోళనతో, 1970ల మొదట్లోనే మడత చెవుల పిల్లుల్ని నమోదు చేయడం మానేసింది. నెదర్లాండ్స్‌లో ఈ పిల్లుల్ని పుట్టించడమే చట్టం ప్రకారం తప్పు. సూసీ పుట్టిన దేశంలో సూసీ జాతికి పుస్తకంలో చోటు లేదు. అది పిల్లుల మీద కోపంతో కాదు, ఇంకా పుట్టబోయే కూనలకి ఈ నొప్పి రాకూడదని.

ఇంటికొచ్చి ఇల్లు మార్చాను. తిండి గిన్నె, నీళ్ళ గిన్నె, పడక అన్నీ నేల మీదికి తెచ్చాను. మెత్తటి పరుపు వేడి గొట్టాల పెట్టె పక్కన వేశాను. మిగిలింది కిటికీ. స్టూలు తీసేసి, పాత అల్మారా చెక్క ఒకటి కిటికీ గట్టుకి వాలుగా ఆనించాను. కానీ చెక్క నున్నగా ఉంది, కాళ్ళు జారుతున్నాయి. ఏం చేద్దామా అని చూస్తే బాస్మతి బియ్యం వచ్చిన గోనెసంచి కనిపించింది.

గోనె నాకు చిన్నప్పటి నేస్తం. నెల్లిమర్లలో జూట్ మిల్లు ఉంది. మా చుట్టుపక్కల పొలాల్లో గోగునార పండేది. డండీ కూడా ఒకప్పుడు జనపనార ఊరే, తెలుసా? బెంగాల్ నుంచి ఓడల్లో నార వచ్చి ఇక్కడి మిల్లుల్లో గోనెబట్ట అయ్యేది. ఇప్పుడా మిల్లులు లేవు. ఒకదాన్ని మ్యూజియం చేశారు, వెర్డంట్ వర్క్స్ అని. వచ్చిన కొత్తలో అక్కడికి వెళ్ళి, ఆ నార వాసనకి గుమ్మంలోనే నిలబడిపోయాను. మా ఊరు గుర్తొచ్చింది.

ఆ గోనెని చెక్కకి చుట్టి, మేకులు లోపలివైపు పొడుచుకు రాకుండా కొట్టాను. కజ్జి మొదటి రోజు వాసన చూసి వెళ్ళిపోయింది. రెండో రోజు రెండడుగులు వేసింది. మందు పనిచేయడం మొదలయ్యాక, ఐదో రోజు పొద్దున్నే నేను కాఫీ తాగుతుంటే, గోళ్ళతో గోనె పట్టుకుని, ఒక్కో అడుగే ఎక్కి కిటికీ గట్టు మీద కూర్చుంది. నా వైపు చూడనైనా చూడలేదు. నది వైపు చూసింది.

పాప వాళ్ళకి వీడియో కాల్‌లో అంతా చెప్పాను. పారాసిటమాల్ సంగతి కూడా దాచలేదు. ఆగస్టులో వాళ్ళు తిరిగొచ్చిన రోజు పాప నేరుగా మా ఇంటికొచ్చి, కజ్జిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది.

"టీచర్ ఆంటీ, చెవులు బావున్నాయని నేనే కదా కావాలన్నాను. ఆ చెవులే తన నొప్పి. అంటే తప్పు నాదేనా?"

ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. "నీకు తెలియదు. నాకూ తెలియకే మాత్ర నలిపాను" అన్నాను. "అడగకుండా పెట్టేసి ఉంటే ఇవాళ కజ్జి నీ ఒళ్ళో ఉండేది కాదు. ఇప్పుడు మనిద్దరికీ తెలిసింది. కజ్జికి నొప్పి లేకుండా చూసుకుందాం. ఇంకెవరైనా ఇలాంటి పిల్లి కావాలంటే వాళ్ళకి చెబుదాం."

పాప కాసేపాగి, "మా క్లాసులో ఒకమ్మాయి కొనాలంటోంది. రేపే చెప్తా" అంది. చెప్పింది కూడా. ఆ అమ్మాయి వాళ్ళు ఇప్పుడు దిక్కులేని జంతువుల్ని ఉంచే ఆశ్రమం నుంచి నల్ల పిల్లిని తెచ్చుకున్నారు. నిలబడ్డ చెవులు, పొడుగు కాళ్ళు. అచ్చం మా అమ్మమ్మగారి పిల్లిలా గెంతుతుందట.

మీలో ఎవరింట్లోనైనా కజ్జి లాంటి పిల్లి ఇప్పటికే ఉంటే దిగులుపడకండి. దాన్ని ఇంకా ప్రేమగా చూసుకోండి. బరువు పెరగనివ్వకండి. ఎత్తులు తగ్గించి వాలుబల్లలు పెట్టండి. తోక పట్టి లాగకండి. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కాళ్ళ కింద ఉంచండి. ఏటా డాక్టరుకి చూపించండి. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి. ఇంకా పిల్లిని తెచ్చుకోకపోతే, కొనే ముందు ఫొటో చూసి మురిసిపోకుండా 'దీనికి నొప్పి ఉంటుందా?' అని అడగండి.

చివరగా ఒక మాట. మీలో కొందరికి ఇండియాలో ఉన్న అమ్మమ్మ, తాతయ్యలతో తెలుగులో ఫోన్ మాట్లాడాలంటే సిగ్గు అని నాకు తెలుసు. 'నా యాస చూసి నవ్వుతారేమో' అంటారు. నాకు ఇక్కడి ఇంగ్లీషుతో అదే భయం ఉండేది. ఆ మంగళవారం మూడుసార్లు "మళ్ళీ చెప్పండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందుకే కజ్జి ఇప్పుడు కూడా మా కిటికీలో కూర్చుని ఉంది. మీరూ అడగండి. అర్థం కాకపోతే మళ్ళీ అడగండి.

కొత్త మాటలు
ఉట్టి: కుండలు పెట్టడానికి పైనుంచి వేలాడదీసే తాళ్ళ అల్లిక
గాదె: ధాన్యం నిల్వ చేసే పెద్ద బుట్ట
అపశకునం: చెడు జరుగుతుందనడానికి గుర్తు అని కొందరు నమ్మేది
పిల్లికూన: పిల్లి పిల్ల
గులిమి: చెవిలో చేరే మైనం లాంటి మురికి
మృదులాస్థి: మెత్తటి ఎముక
గోనె: జనపనారతో నేసిన ముతక బట్ట
యాస: ఒక ప్రాంతం వాళ్ళు మాట పలికే తీరు

ఆలోచించి చెప్పండి
1. కజ్జి చెవులు ఎందుకు మడుచుకున్నాయి? ఆ కారణానికీ కాళ్ళ నొప్పికీ ఏమిటి సంబంధం?
2. రూపాయి బిళ్ళను రెండేసిసార్లు చొప్పున ఎనిమిది విడతలు ఎగరేయండి. ఎన్ని 'కజ్జిలు' వచ్చాయో రాయండి.
3. పాప రాసిన కాగితాన్ని తప్పులు లేకుండా తిరిగి రాయండి.
4. పిల్లి మీద మీ ఇంట్లో చెప్పే సామెత ఒకటి అమ్మమ్మనో, నాయనమ్మనో ఫోన్ చేసి అడిగి రాయండి.
5. "తప్పు నాదేనా?" అని పాప మిమ్మల్ని అడిగితే మీరేం చెప్తారు? ఐదు వాక్యాల్లో రాయండి.